ఇంగొక్క రాడ్డు

కుందుర్పి దారిలో ముత్యాలప్ప చేను దగ్గరికొచ్చేసరికి, బండి ఎంత జోరుగా పోతున్నా ఇంకాస్త జోరు పెంచుతారు జనం. ఆ చేలో ఎండిపోయిన చీనీ, అంటే బత్తాయి చెట్ల మధ్య ఒక వట్టి బోరు ఉంది. పొద్దు గుంకాక దాని పైపులోంచి ఒక గొంతు వినిపిస్తుందట... మగో ఆడో తెలియని గొంతు—

"ఎవరు దించమన్నారు... ఎవరు దించమన్నారు..."

విన్నవాళ్లలో ఇద్దరు జ్వరంతో పడ్డారు. మూడోవాడు అప్పటికే తాగి ఉన్నాడు కాబట్టి వాడి మాట వదిలేద్దాం.

ఆ బోరు వేసింది జయరాం. బోరు లారీ మీద రాడ్లు దించే పని అతనిది. రాడ్డు దిగేకొద్దీ బోరు లోతూ పెరుగుతుంది, రైతు ఖర్చూ పెరుగుతుంది. దెయ్యాలూ భూతాలూ అంటే నవ్వేసే మనిషి. అలాంటివాడి బుర్రలో నాలుగు రోజులుగా ఒక మాట జోరీగలా తిరుగుతోంది.

"ఇంగొక్క రాడ్డు దించన్నా... ఆమెకు చెప్పొద్దు."

అన్నం తింటుంటే అదే. పళ్లు తోముతుంటే అదే. ఒక రాత్రి నిద్రలో పైకే అనేశాడు. పక్కనున్న భార్య జయంతి లేచి కూర్చుంది.

"ఎవరు ఆమె?"

"తెలీదు మే."

"తెలీకుండానే చెప్పొద్దంటాండావా?"

తెల్లారి అతనికి కాఫీ కూడా దక్కలేదు.

మనకు నవ్వులాటే. జయరాంకి మాత్రం ప్రాణసంకటంగా ఉంది. ముత్యాలప్ప పోయి మూడు నెలలు. ముప్పై రాడ్లతో ఆపేస్తానని భార్య కదిరమ్మకు మాటిచ్చి బోరు మొదలుపెట్టాడాయన. చివరికి నలభై ఐదు దిగాయి. చుక్క పడలేదు సరికదా, ఇంట్లో ఉన్న రెండు ఆవులూ ఆ ఖర్చుకే పోయాయి. "నేను వద్దంటాండగానే జయరాం దించేసినాడు" అని పెళ్లానికి చెప్పి, కొన్నాళ్లకే గుండె ఆగి కన్నుమూశాడు.

కదిరమ్మ నాలుగు రోజుల కిందట ఊరి పెద్దమనుషుల దగ్గరికి పోయింది. రేపు పొద్దున ఆ బోరు దగ్గరే జయరాం ప్రమాణం చేయాలి. ముత్యాలప్ప అడిగితేనే దించానని చెప్పి, వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పాలి. చేయనంటే ఈ చుట్టుపక్కల ఏ రైతూ అతన్ని చేలో అడుగు పెట్టనివ్వడు. అబద్ధపు ప్రమాణం చేద్దామా అంటే, ఇంట్లో ఏడాది నిండని కూతురుంది. అబద్ధపు ప్రమాణం బిడ్డలకే తగులుతుందంటారు.

బుర్రలో తిరిగే ఆ మాట ముత్యాలప్పదే అయితే బతికిపోయినట్టే. కానీ నిజంగా అన్నాడా? లేక తప్పించుకోవడానికి తన బుర్రే అల్లిందా? లోకాన్ని ఏమో గానీ, జయరాం తనను తానే నమ్మలేకపోయాడు.

లారీ మీద తోటి పనివాడు ఇమ్మానుయేల్‌ని అడిగాడు. "అన్నా, ముత్యాలప్ప నాతో ఈ మాట అన్నింది నువ్వేమన్నా ఇన్యావా?"

ఇమ్మానుయేల్ బీడీ పారేశాడు. "ఏమప్పా, బండి ఆడతాంటే చెవి కాడ టపాకాయ పేలినా ఇనపడదే! మన పనంతా సైగల్తోనే గదా. ఆ మాట నువ్వెట్ల ఇంటివి?" గొంతు తగ్గించాడు. "అది... ఆయప్ప బతికుండంగా అన్నదేనా?"

జయరాం అక్కణ్ణుంచి లేచి వచ్చేశాడు.

అయినా ఆ సాయంత్రం బోరు దగ్గరికి పోయాడు. ఆ రోజు నిలబడిన చోటే నిలబడితే మాట ఎక్కడిదో గుర్తొస్తుందని ఆశ. చేరేసరికి చీకటి పడింది. బోరులోంచి తీసిన బండపొడి నడుమెత్తు కుప్పగా ఉంది. గాలి లేదు. ఫోన్ లైటు వేయబోయాడు—

"ఎవరు దించమన్నారు..."

కుప్ప అవతల నుంచి. బోలుగా, పైపులో తిరిగి వస్తున్నట్టుగా... జయరాం వెనక్కి పరిగెత్తబోయాడు.

"ఎవరు దించమన్నారయ్యా... నువ్వా... వాడా?"

అయ్యా అంటోంది! దెయ్యానికి ఇంత మర్యాద ఎక్కడిది? అనుమానం భయాన్ని పక్కకు తోసింది. వంగి, కుప్ప చుట్టూ తిరిగి, లైటు వేసి చూశాడు.

మోకాళ్ల మీద కూర్చుని, పైపులో నోరు పెట్టి అడుగుతోంది— కదిరమ్మ.

ఇద్దరూ ఒక్కసారే కెవ్వుమన్నారు.

ముందు తేరుకుంది ఆమే. "రేపు చెప్పేది ఇప్పుడే చెప్పప్పా. మూడు నెల్లుగా పొద్దు గుంకితే ఈడికొచ్చి ఆయన్నే అడుగుతాండా. పలకడు. నువ్వన్నా చెప్పు."

"ఏం చెప్పేదక్కా... మాట గుర్తుండాది. ఇన్నట్టు గుర్తులేదు."

"ఏం మాట?"

చెప్పాడు. చెబుతుంటే చెయ్యి దానంతటదే లేచింది. చిటికెన వేలు ఒక్కటే పైకి... తర్వాత అదే వేలు పెదాల మీదికి... తర్వాత గడ్డం ఎత్తి, ఇల్లున్న దిక్కుకు ఒక చూపు.

జయరాం ఆగిపోయాడు. అది విన్న మాట కాదు. చూసిన మాట! ఆ రోజు దుమ్ములో నిలబడి ముత్యాలప్ప పదిహేనుసార్లు చేసిన సైగ.

కదిరమ్మ అతని చేతినే చూస్తోంది.

"ఒకటి అనేదానికి చిటికెనేలు ఎత్తుతారా ఎవరన్నా?"

"తెలీదక్కా. ఆయప్ప అట్లే చూపించినాడు."

"శనక్కాయల మిషన్లో పోయింది ఆయన చూపుడేలు. ఒకటి అనాలంటే చిటికెనేలే ఎత్తుతాండె..." ఆమె అతని చెయ్యి పట్టుకుని కిందికి దించింది. "పో నాయనా, ఇంటికి పో. నీకు ప్రమాణమొద్దు, ఏమొద్దు."

జయరాం కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో, పైపులోకి వంగిన ఆమె గొంతు మళ్లీ వినబడింది.

"ఆ పిల్లోని మీద ఏంటికి చెప్తివయ్యా? నన్నడిగింటే... ఇంగొకటి దించు అని నేనే అందును గదయ్యా!"