దర్జీ అక్క పారెయ్యని కుబుసాలు

దగ్గరికి జరగండి. ఆ చివర కూర్చున్న అమ్మా, మీరూ రండి, ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. దేవుణ్ణి ఒక్కసారి తలుచుకుని వినండి.

ఓ దర్జీ అక్క ఉండేది. ముందుగదిలో కుట్టుమిషను, వెనకగదిలో ఆవిడా, ఎనిమిదేళ్ళ కూతురూ. ఆ పిల్లకి మేనమామ ఓ బియర్డెడ్ డ్రాగన్ పిల్లని తెచ్చిచ్చాడు. మన తొండకి గడ్డం మొలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. గాజుపెట్టెలో ఇసుక, పైన వెచ్చదనానికి ఎర్రదీపం. గడ్డం చూసి పిల్ల దానికి 'తాతగారు' అని పేరు పెట్టింది.

"మూరెడు దాటుతాడక్కా, చూస్తూండు" అన్నాడు తమ్ముడు.

ఎక్కడ? ఏడాది తిరిగినా అడుగు దాటలేదు. అక్క నెలనెలా టేపు పెట్టి కొలిచేది. ముక్కు నుంచి తోకదాకా పన్నెండంగుళాలే. "తిన్నదంతా ఎక్కడికి పోతోంది తాతా?" అని విసుక్కునేది.

అయినా పెట్టె మూలల్లో కుబుసాలు దొరికేవి. చిన్న గుడ్డపీలికనైనా కొలవకుండా పారెయ్యని చెయ్యి ఆవిడది. మొదటిది పదహారంగుళాలొచ్చింది. తర్వాతది ఇరవై రెండు. మూడోది ముప్ఫై ఒకటి. ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ సాగదూ, ఇదీ అలాగే సాగిందనుకుంది. మడతపెట్టి దాచింది. కానీ అనుమానం లోపల తొలుస్తూనే ఉంది.

చివరికి ఓ సాయంత్రం కూతుర్ని ఇంట్లో ఉంచి, తాతగారిని అట్టపెట్టెలో పెట్టుకుని, కుబుసాలూ పట్టుకుని జంతువుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "జబ్బేం లేదమ్మా. గడ్డం చిన్నది, పక్కన ముళ్ళు తక్కువ. ఇది పొట్టిజాతి. ఇక పెరగదు."

హమ్మయ్య అనుకుంటూ ఆవిడ కుబుసాలు బల్లమీద పరిచింది. డాక్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. ఒకదాన్ని వెలుగుకి ఎత్తి చూశాడు.

"ఇవి దీనివి కావు. దీని పొర ముక్కలుముక్కలుగా రాలుతుంది, ఇలా ఒంటిముక్కగా ఊడదు. ఇంట్లో ఇంకేం పెంచుతున్నారు?"

"ఏమీ లేదండీ. మా అమ్మాయీ, నేనూ."

"ఇవి దేనివో నాకు తెలీదమ్మా. అమ్మాయి ఎక్కడుంది?"

ఆవిడ అట్టపెట్టె పట్టుకుని పరుగెత్తింది.

తలుపు తీసేసరికి వేడెక్కిన ఇసుక వాసన. తను ఆర్పి వెళ్ళిన ఎర్రదీపం... వెలుగుతోంది. గాజుపెట్టె ముందు పిల్ల. వీపు ఇటువైపు.

"మెల్లగా అమ్మా... తాతగారు పడుకున్నారు."

"తాతగారు నా దగ్గరున్నారే..."

పిల్ల తిరగలేదు. పెట్టెలో ఇసుక... మెల్లగా... కదిలింది.

"దేవుడా, నీదే భారం" అని పిల్లని చంకనేసుకుని బయటపడింది. వెనక్కి చూడలేదు. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. దీపం కింద కూర్చుందిగా, అందుకేలే అనుకుంది.

ఇల్లు మారారు. తాతగారు బాగానే ఉన్నారు, అదే అడుగు. ఏటా పుట్టినరోజు గౌనుకి అక్క కూతుర్ని కొలుస్తుంది. మూడేళ్ళుగా కొలత మారలేదు. టేపుని అనుమానించి కొత్తది కొంది. అదే కొలత. మొన్న పక్క దులుపుతుంటే పిల్ల దిండు కింద దొరికింది... పల్చగా, తెల్లగా, ఒంటిముక్కగా. అయిదు వేళ్ళతో.

పారెయ్యలేదు. కొలిచింది. ఎంతొచ్చిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ చేసిన ఆ ఒక్క పనీ గుర్తుంచుకోండి, పదిమందికీ చెప్పండి. మీ ఇంట్లో ఏది ఊడి దొరికినా పారెయ్యకండి. ముందు దాన్ని కొలవండి. తర్వాత మీ పిల్లల్ని కొలవండి.