పక్క సీటులో బ్రేకు లేదు

ఫ్లైఓవర్ ముందు పచ్చ లైటు పడింది. వెనక హారన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. ఆమె మాత్రం స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, రెండు కళ్లూ మూసుకుని కూర్చుంది.

"మేడమ్, కళ్లు తెరిస్తే రోడ్డు కనిపిస్తుంది," అన్నాడు పక్క సీటులోంచి డ్రైవింగ్ మాస్టారు.

"కనిపిస్తుందనేగా మూసుకున్నాను!"

మొదటి క్లాసు అంతటితో సరి.

ఆమె కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. మైనంతో పన్ను చెక్కితే వెంట్రుకవాసి తేడా రానివ్వదు. ల్యాబు మేనత్తది. డెలివరీ వ్యాన్ నడిపే ఆయన మానేసిన రోజే అత్త తెగేసి చెప్పింది. "నెలాఖరుకల్లా వ్యాన్ నువ్వే నడపాలి. లేకపోతే నీ చోట డ్రైవింగ్ వచ్చిన మనిషిని పెట్టుకుంటా. మేనకోడలివని చూడను."

అన్నంత పనీ చేసే మనిషి ఆవిడ. ఆ రోజు నుంచీ ఈమెకి ముద్ద దిగలేదు. కళ్లు మూస్తే లారీలు, తెరిస్తే బస్సులు.

మాస్టారి కారులో పక్క సీటు ముందు కూడా ఓ బ్రేకు ఉంటుంది. ఏ బస్సో మీదికొస్తున్నట్టు అనిపించగానే ఆమె రోడ్డు వదిలేసి అతని కాలు వంక చూసేది.

"నా కాళ్లు అంత బాగున్నాయా?" అన్నాడు ఓ రోజు.

ఆమె తడుముకోలేదు. "చెప్పులు బాగాలేవు. అందుకే చూస్తున్నా."

మర్నాడు అతను కొత్త బూట్లతో వచ్చాడు. ఆమె గమనించనట్టు నటించింది కానీ, ఆ రోజంతా గేర్లు తప్పు వేసింది.

నెలాఖరు రానే వచ్చింది. ఊరికి ఆ చివరనున్న క్లినిక్‌కి నాలుగింటికల్లా పళ్ల సెట్లు చేరాలి. "ఒక్కసారికి తోడు రండి మాస్టారూ," అని బతిమాలితే అతను ల్యాబు వ్యాన్ ఎక్కాడు. బయల్దేరీ బయల్దేరకముందే వాన మొదలైంది.

ఫ్లైఓవర్ మీద ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. ఆమె చూపు అలవాటుగా అతని కాలు మీదికి పోయింది. ఆ కాలు టక్కుమని నేలని తొక్కింది. అక్కడ బ్రేకు లేదు. ఆమె కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. లారీకి జానెడు దూరంలో వ్యాన్ ఆగింది. వెనక పెట్టెల్లో పళ్లు గలగలలాడాయి.

ఫ్లైఓవర్ దిగాక వ్యాన్‌ని ఓ పక్కకి ఆపింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీకూ భయమేసిందా?"

"పదేళ్లుగా నేర్పుతున్నా. ఎప్పుడూ ఇలా భయపడలేదు. ఇందాక నా సంగతే గుర్తు రాలేదు. మీకేమవుతుందోనని..."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సీటు వెనకనుంచి గొడుగు తీసి అతని చేతిలో పెట్టింది.

"దిగండి మాస్టారూ."

"కోపమొచ్చిందా?"

"కోపం కాదు. మీరు పక్కనుంటే నేను రోడ్డు చూడను. ఇందాక అదేగా జరిగింది! దిగండి."

అతను దిగాడు. ఆమె ఒక్కతే బయల్దేరింది. ప్రతి హారనూ తననే తిడుతున్నట్టు వినిపించింది. రెండు చోట్ల ఇంజన్ ఆగిపోయింది, ఓ ఆటో అతను ఏదో అరిచి వెళ్లాడు. ఆమె మాత్రం కళ్లు మూసుకోలేదు.

క్లినిక్‌లో డాక్టరమ్మ పెట్టెలు తీసుకుని గడియారం చూసింది. నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది. "డ్రైవర్ ఎవరమ్మా?"

"నేనేనండీ," అంది. ఆ మాట తన నోటివెంట రావడం ఆమెకే నమ్మశక్యం కాలేదు.

బయటికొచ్చి ఫోన్ చేసింది. "చేరాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి."

"నావీ అంతే," అన్నాడు అతను.

"ఎక్కడున్నారు?"

"మీరు దింపిన చోటే. మీరు చేరారని తెలిసేదాకా కాళ్లు కదల్లేదు."

"అక్కడే ఉండండి. వస్తున్నా."

"నేర్పడానికి ఇంకేం మిగల్లేదు మేడమ్."

"నేర్పడానికి కాదు. మా అత్తకి మిమ్మల్ని చూపించాలి."

ఫోన్‌లో గొడుగు జారి కింద పడ్డ చప్పుడు వినిపించింది.

"మెల్లగా రండి," అన్నాడు.