షియాన్ సందులో పిలుపు

చైనాలో షియాన్ అని పెద్ద నగరం. కోటగోడకి ఆనుకుని ఉన్న పాతపేటలో ఒక సందు ఉంది. చీకటి పడ్డాక ఆ సందులోకి ఊరివాళ్లే అడుగుపెట్టరట. లోపల మూసేసిన నుయ్యి. అది దాటాక వెనకనుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారు... చచ్చిపోయిన మనవాళ్ల గొంతుతో. తిరిగి చూశారో – ఇక ఆ మనిషి తిరిగిరాడట.

నేను వెళ్లి చూడలేదు. బెల్‌ఫాస్ట్‌లో మా భానుప్రకాష్ అంకుల్ చెప్పగా విన్నాను. ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్లుగా చావుల్ని చూస్తున్న డాక్టరు. దెయ్యాల మాటెత్తితే నవ్వే మనిషి. అందుకే నమ్మాను.

షియాన్ చూడాలన్నది ఆయన భార్య శాంతకుమారి ఆంటీ కోరిక. ఏమేం చూడాలో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకుంది. మట్టి సైనికుల బొమ్మలు, గంట గోపురం, కోటగోడ మీద సైకిల్ తొక్కడం, చివర ఆ పాతపేట. ఏటా అంకుల్ డ్యూటీల రోటా అడ్డొచ్చేది. ఇంతలో పోయిన శీతాకాలం ఆవిడే పోయింది. ఆ రాత్రి ఈయన వేరే ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నారు, ఫోనేమో లాకర్లో. ఆఖరి ఘడియలో పక్కన లేకపోయానన్న బాధ మనిషిని తినేసింది.

ఏప్రిల్లో ఆ కాగితం పట్టుకుని ఒక్కరే బయల్దేరారు. అన్నీ చూశారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి అద్దె సైకిల్ ఎక్కి కోటగోడ చుట్టూ తొక్కారు కూడా. "ఫొటో తీయడానికి పక్కన మనిషి లేదురా, ఏడుపొచ్చేసింది," అన్నారు నాతో.

మిగిలింది పాతపేట.

గైడుగా వచ్చినావిడ సందు మొదట్లోనే ఆగిపోయింది. "పిలిస్తే... తిరగొద్దు," అంది గుసగుసగా.

అంకుల్ వెళ్లిందే పిలుపు కోసం. ఏ నమ్మకమూ లేని మనిషి, ఒక్కసారి ఆవిడ గొంతు వినబడితే చాలనుకున్నారు.

ఎర్ర లాంతర్లు ఒక్కొక్కటే వెనకబడ్డాయి. నుయ్యి వచ్చింది. మీద బండరాయి. దాటారు... తన బూట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు –

"భానూ..."

అచ్చం ఆవిడ గొంతే. ఆయాసపడుతూ, గాలి అందనట్టు.

"భానూ..."

మెడ తిప్పబోయి – ఆగిపోయారు.

శాంతకుమారి ఆంటీ ఏనాడూ మొగుడి పేరు పలికి ఎరగదు. పెళ్లిలో గడప దగ్గర ఆడపడుచులు నిలబెట్టి పేరు చెప్పమంటే, "డాక్టరుగారూ నేనూ వచ్చాం" అని గట్టెక్కిందట. ఇక్కడ బెల్‌ఫాస్ట్‌లో డాక్టరు క్లినిక్‌లో భర్త పేరడిగితే పెన్ను తీసుకుని రాసిచ్చేది. పిలవాల్సి వస్తే ఎప్పుడూ "ఏవండీ" అనే. అంటే ఇది ఆవిడ కాదు. ఇంకేదో... ఆవిడ గొంతు దొంగిలించి వచ్చింది.

మూడోసారి చెవి పక్కనే పిలిచింది. వెనక్కి చూడకుండా, పరుగులాంటి నడకతో బయటపడ్డారు.

ఇదంతా మొన్న ఆదివారం వాళ్లింట్లో భోజనాలయ్యాక చెప్పారు. "మా ఆవిడ సంగతి తెలీని దెయ్యంరా అది!" అని నవ్వారు. మేమూ నవ్వాం.

కూతురు శ్రీప్రియ నవ్వలేదు. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే. తల్లి పోయిన రాత్రి పక్కన ఉన్నది తనొక్కతే. గిన్నెలు తుడిచే గుడ్డ చేత్తో పట్టుకుని కిచెన్ గుమ్మంలో నిలబడిపోయింది.

"డాడ్... ఐ నెవర్ టోల్డ్ యూ."

"ఏంటమ్మా?"

"షీ వాజ్ కాలింగ్ యూ. ఆల్ నైట్. నాట్ ఏవండీ... బై నేమ్, డాడ్. భానూ, భానూ అని... అంటిల్ ది ఎండ్."

అంకుల్ కుర్చీలోంచి లేచారు.

"మూడుసార్లు పిలిచింది," అన్నారు. "నేను తిరగలేదమ్మా..."