చిన్న అచ్చుతో మొదలు

పెద్ద వరద వచ్చిపోయిన ఏడో ఏడు అది. ఫిలిప్పీన్స్‌లో బూట్లకు పేరుపడ్డ మరికినా ఊళ్ళో చాలా గోడల మీద నీటి గీత ఇంకా చెరగలేదు. మెలెన్సియో బూట్ల దుకాణంలో ఆ గీత అతని తలకు జానెడు పైన ఉంది. దాని కింద, మేకులకు, రెండు వందల చెక్క అచ్చులు వేలాడుతుండేవి. మనిషి పాదంలా చెక్కినవి, వాటి మీదే తోలు బిగించి బూటు కుట్టేది. వరద బురదలోంచి ఒక్కొక్కటే ఏరి, కడిగి, నీడన ఆరబెట్టి దక్కించుకున్నాడు.

ఆ శుక్రవారం పొద్దున మేకులన్నీ బోసిగా ఉన్నాయి. అచ్చులు నాలుగు సంచుల్లో గుమ్మం పక్కన ఉన్నాయి. మర్నాడు టీబో వస్తాడు. హోటల్ గోడలకు అలంకారంగా పాత అచ్చులు కొనుక్కుపోయే మనిషి.

కూతురు లివాయ్ భోజనాల బల్ల మీద పాత లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. కాళ్ళకు రబ్బరు చెప్పులు, ఒకదాని పట్టీకి తీగ కట్టి ఉంది.

"చేప చల్లారకముందే తినండి ఇద్దరూ," అంది తల్లి కొన్సూలో, వెల్లుల్లి అన్నం గిన్నె బల్ల మీద పెడుతూ. "మీరు అలిగితే చేపకేం నష్టం లేదు. చచ్చి, ఎండి, వేగింది కూడా."

లివాయ్ నవ్వలేదు. తండ్రీకూతుళ్ళ మధ్య ఒక మాట ఉంది. బూట్ల పనివాళ్ళ సంఘం కొనేవాళ్ళ కోసం ఒక జాబితా వేస్తోంది. ఎవరి దుకాణానికి వెబ్ పేజీ ఉందో వాళ్ళ పేరే అందులో ఎక్కుతుంది. శుక్రవారం సాయంత్రం అయిదులోగా తమ పేరు ఎక్కితే అచ్చులు ఉంటాయి. ఎక్కకపోతే టీబో పట్టుకుపోతాడు, లివాయ్ మాల్‌లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటుంది.

కొన్సూలో ఫోను మోగింది. ఆమె పైకి చదివింది. "సంఘం వాళ్ళే. 'మీ పేజీ ఫోన్‌లో సగమే కనబడుతోంది. సరిచేసి అయిదులోగా పంపండి.'"

మెలెన్సియో చెయ్యి చాపి ఫోను తీసుకున్నాడు. అతను కుట్టిన నల్ల బూటు తెర అంచున తెగిపోయి ఉంది.

"బూటు ముక్కు ఏదీ?"

"పక్కకు జరిపితే వస్తుంది నాన్నా."

"కొనేవాడు బూటు ముక్కు వెతుక్కోవాలా?"

"లాప్‌టాప్‌లో బాగానే ఉంది!"

"లాప్‌టాప్ సంకలో పెట్టుకుని ఎవరు తిరుగుతారే? టీబో రేపు పొద్దున్నే వస్తాడు." అతను చేప ముల్లు తీస్తూ అన్నాడు.

లివాయ్ కుర్చీ వెనక్కి తోసి లేచింది. "ఆ సంచులు ఎప్పుడు కట్టారు?"

అతను ముల్లు పళ్ళెం అంచున పెట్టాడు.

"బుధవారం కట్టారు. నేను చూశాను. శుక్రవారం దాకా ఆగుతానని మాటిచ్చి, బుధవారమే మూతి కట్టేశారు. నేను ఓడిపోతానని మీకు ముందే తెలుసు, అంతేగా? అయితే వినండి. అయిదు ఇంకా కాలేదు. నేను లేవను."

మళ్ళీ కూర్చుని తెర వైపు తిరిగింది. కళ్ళు తుడుచుకోలేదు.

"అబద్ధం ఆడిందా పిల్ల?" అంది కొన్సూలో మొగుడితో, మెల్లగా.

మెలెన్సియో పళ్ళెం వదిలి దుకాణంలోకి వెళ్ళాడు. సంచుల ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా లోపలి నుంచి మీటలు నొక్కుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. మధ్యమధ్య "ఛ" అంటోంది. మళ్ళీ మీటలు. వరద తర్వాత తను అచ్చులు కడిగిన రోజుల్లో కూడా ఇంతే, ఎవరు పిలిచినా లేవలేదు. అది గుర్తొచ్చి స్టూలు మీంచి లేచాడు.

ఒక సంచి ముడి విప్పి, వెతికి, ఒక అచ్చు తీసుకుని కూతురి పక్కన నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావ్?"

"పేజీలో ఏది ఎంతుండాలో చెప్పే స్టైల్ షీట్ పెద్ద తెర కొలతలతో రాశాను. ఇప్పుడు ఫోను కోసం తగ్గిస్తున్నాను. ఒకటి తగ్గిస్తే ఇంకోటి చెడుతోంది." తెర మీంచి కళ్ళు తిప్పకుండానే చెప్పింది.

అతను అచ్చు బల్ల మీద పెట్టాడు. బొటనవేలి పక్కన, మడమ మీద తోలు ముక్కలు అతికించి ఉన్నాయి. "బేకరీ ఆవిడది. కాలి మీద ఎముక పొడుచుకొచ్చింది. పెద్ద అచ్చు తెచ్చి ఆవిడకి సరిపడేలా చెక్కొచ్చు కదా?"

"చెక్కొచ్చు."

"చెక్కితే చెక్క మళ్ళీ రాదు. మా నాన్న నన్ను ఈ విషయంలోనే కొట్టాడు. చిన్న అచ్చు తీసుకో. కావలసినచోట అతికించుకుంటూ పో. నువ్వు పొద్దున్నించీ చెక్కుతున్నావ్."

లివాయ్ అచ్చు వైపు చూసింది. తోలు ముక్క అంచును వేలితో తడిమింది. తర్వాత షీట్‌లో రాసిందంతా ఎంచుకుని, ఒక్క మీటతో తుడిచేసింది.

"అయ్యో, మొత్తం పోయిందే!" అంది కొన్సూలో.

"పోనీ అమ్మా. బూట్ల బొమ్మలూ పేర్లూ వేరే చోట ఉన్నాయి. పోయింది కొలతలే."

ఫోనుతో మొదలుపెట్టింది. బొమ్మలు ఒకదాని కింద ఒకటి, ఒక్కో బొమ్మ తెర ఎంత వెడల్పుంటే అంత. తర్వాత ఒక ముక్క అతికించింది: తెర ఇంత దాటితే వరసకు రెండు. ఇంకో ముక్క: ఇంకా దాటితే నాలుగు.

"పేజీలో ఉన్న పన్నెండు బూట్లకీ విడివిడిగా రాయాలా?" అన్నాడు మెలెన్సియో.

"ఒక్కసారి రాస్తే పన్నెండింటికీ అదే."

"తోలు కత్తిరించే నా అట్ట నమూనాలాగా." అతను వంగి చూశాడు. "బొమ్మ అంచుకి మరీ అంటుకుంది. బూట్లోలాగే వేళ్ళకి చోటుండాలి."

ఆమె చుట్టూ కాస్త ఖాళీ వదిలింది. ఈసారి నవ్వు ఆపుకోలేకపోయింది.

నాలుగున్నరకి పంపింది. ముగ్గురూ ఫోను చుట్టూ కూర్చున్నారు. వీధిలో జనాన్ని ఎక్కించుకున్న జీప్నీ బళ్ళు పోతున్నాయి. అయిదుకి మూడు నిమిషాల ముందు అది మోగింది. 'బాగుంది. మీ పేరు చేర్చాం.'

కొన్సూలో ఏడుస్తూ కూతుర్ని వాటేసుకుంది. మెలెన్సియో ఫోను తీసుకుని నల్ల బూటును చూశాడు. ముక్కు నుంచి మడమ దాకా ఉంది.

"బుధవారం," అన్నాడు. ఆగాడు. "కట్టకుండా ఉండాల్సింది."

లివాయ్, పెద్దలకు మొక్కే తీరున, తండ్రి చేతిని తీసుకుని తన నుదుటికి ఆనించుకుంది. ఆమె కన్నీళ్ళకు ఆ చెయ్యి తడిసింది.

మర్నాడు పొద్దున్నే అతను అచ్చులన్నీ మేకులకు తగిలించాడు, చిన్నవి ముందు. టీబో వస్తే కాఫీ ఇచ్చి ఖాళీ సంచులతో పంపేశాడు. తర్వాత నేల మీద కాగితం పరిచి, చెవి మీది పెన్సిల్ తీసి, కూతుర్ని పిలిచాడు.

"ఆ రబ్బరు చెప్పులు విప్పు. కాలు ఇక్కడ పెట్టు."