రాత్రంతా చార్జింగ్

"మీ బండి మల్ల ఆగింది!"

ఉజ్వల్ ఫోన్ ఎత్తగానే వినబడిన మొదటి మాట అదే. హలో లేదు, బాగున్నారా లేదు. పొద్దున ఆరు దాటింది. కరీంనగర్‌లో అతడింకా దుప్పట్లోనే ఉన్నాడు.

"యాడున్నరు మీరు?"

"నడిమి తొవ్వల. చలికి చేతులు కొంకర్లు వోతున్నయి. ల్యాబ్‌ల షుగర్ పేషెంట్లు పరగడుపున కూసుండి నాకోసం ఎదురుసూస్తున్నరు. రాత్రంతా చార్జింగ్ వెడితె గింతంత ఎక్కింది. గిదేం బండండి? మీరేం మనిషండి?"

"ప్రజ్ఞగారూ, జర నా మాట..."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఉజ్వల్ ఆ ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాడు. ఆమె తిట్టినందుకు కాదు బాధ. ఆ తిట్ల కోసం కూడా తాను ఎదురుచూస్తున్నందుకు.

రెండు నెలల కింద ఆ పాత ఎలక్ట్రిక్ స్కూటర్ కొనడానికి ప్రజ్ఞ ఆదిలాబాద్ దగ్గరి పల్లె నుంచి కరీంనగర్ దాకా వచ్చింది. ఆదిలాబాద్ పట్నంలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం ఆమెది. ఆరున్నరకల్లా అక్కడుండాలి. ఇంటి నుంచి ఇరవై కిలోమీటర్లు. ఊరికి మొదటి బస్సు వచ్చేది ఏడింటికి. అంటే బండి లేకపోతే ఉద్యోగం లేదు.

"నాలుగేండ్ల బండి గింత తళతళ మెరుస్తుంది. నడిపిండ్రా, పూజ జేసిండ్రా?" అని నవ్వింది ఆ రోజు.

ఆ నవ్వుకు ఉజ్వల్ సగం పడిపోయాడు. మిగతా సగం ఫోన్లలో పడిపోయాడు. మొదటి నెల దాదాపు రోజూ ఫోన్ చేసేది. "మీ బండి బంగారం" అనేది. బండి ముచ్చట అయిపోయాక కూడా ఇద్దరికీ ఫోన్ పెట్టబుద్ధి అయ్యేది కాదు.

"ఎందుకు అమ్మిండ్రు మరి?" అని అడిగితే, "పెద్దబండి కొంటున్న" అని కోతలు కోశాడు. నిజానికి అతడు పాఠాలు చెప్పే కాలేజీ మూతపడింది. పొద్దున్నే పోవడానికి చోటు లేనివాడికి బండి రోజూ ఎదురుగా కనబడితే ఎట్లుంటుంది? చూడలేక అమ్మేశాడు. ఆ సంగతి ఆమెతో చెప్పుకోవడానికి నోరు రాలేదు.

రెండో నెల మొదలయ్యేసరికి బంగారం కాస్తా ఇనుమైంది. రాత్రంతా చార్జింగ్ పెట్టినా సగం కూడా నిండటం లేదు. అమ్మేముందు బ్యాటరీ చెక్ చేయించాడు, అది నిక్షేపంలా ఉంది. ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు.

ఆ సాయంత్రం మెసేజ్ వచ్చింది. "జాబ్ పోయింది. మీకు థాంక్స్."

ఉజ్వల్ తెల్లారి మొదటి బస్సెక్కి, అడుగుతూ అడుగుతూ ఆమె ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. ప్రజ్ఞ లేదు. ల్యాబ్ ఓనర్‌ను ఇంకోసారి బతిమాలడానికి పట్నం పోయిందట. ఆ ఇంట్లో ఉండేది తల్లీబిడ్డలిద్దరే. తల్లి శంకరవ్వ వాకిట్లో, స్కూటర్‌కు ఆమడ దూరంలో కూర్చుని ఉంది.

"బండి అమ్మిన పిలగానివి నువ్వేనా?" అంది. అని, ఒక్కసారిగా ఏడ్చింది.

"అవ్వా, ఏమైందే?"

"నేనే కొడుకా. అంత నేనే జేసిన. నెల కింద ఫోన్ల సూసిన, ఎవలింట్లనో చార్జింగ్ వెట్టిన బండి రాత్రి భగ్గుమన్నది. ఇల్లంత బూడిదైంది. అప్పటిసంది నాకు కంటిమీద కునుకు లేదు. బిడ్డ పండుకున్నంక ప్లగ్గు పీకి, బండిని వాకిట్లకు నూకేది. అది లేవకముందుకే మల్ల తెచ్చి ప్లగ్గు పెట్టేది. దానికి ఎరుకలేదు."

ఉజ్వల్ ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"బిడ్డ పాణం దక్కాలనుకున్న గని, దాని నౌకరి తింటనని అనుకోలే. దానికి జెప్పకు కొడుకా. ఇగ నా మొఖం సూడది."

అప్పుడే ప్రజ్ఞ వచ్చింది. ముఖం చూస్తేనే తెలిసిపోతోంది, ఓనర్ కరగలేదని. ల్యాబ్‌లో అప్పటికే ఇంకొక అమ్మాయిని పెట్టుకున్నారు.

"వచ్చిండ్రా? ఇప్పుడన్న నిజం జెప్పుండ్రి. బ్యాటరీ ఖరాబున్నదా లేదా?"

శంకరవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఉజ్వల్ ఆమెను చూశాడు, ప్రజ్ఞను చూశాడు.

"ఉన్నది. నాకు ముందే ఎరుక. చెప్పలే."

ప్రజ్ఞ తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది.

"బండి కన్నా ముందు మిమ్మల్ని నమ్మిన నేను" అని మాత్రం అంది.

"బండి వాపస్ తీస్కపోత. పైసలు పంపిస్త."

"తీస్కపోండ్రి. నా నంబర్ గూడ తీసేయుండ్రి."

ఉజ్వల్ బండిని నెట్టుకుంటూ రోడ్డు మీదికి వచ్చాడు. ఇందాక తనకు ఇల్లు చూపించిన ట్రాలీ ఆటో డ్రైవర్ కొమురెల్లికి ఫోన్ చేసి, మైలురాయి మీద కూలబడ్డాడు. ఉద్యోగం పోయిన రోజున కూడా ఏడవలేదు. ఇప్పుడు ఏడుపు ఆగలేదు. దారిన పోయేవాళ్లు బండి పాడైతే ఇంత ఏడుస్తారా అన్నట్టు చూసి పోతున్నారు.

చాలాసేపటికి ఎదురుగా ఎవరో వచ్చి నిలబడ్డారు. ప్రజ్ఞ. చెప్పులు కూడా లేకుండా వచ్చింది.

"అవ్వ అంత జెప్పింది" అంది. "ఎందుకు అబద్ధమాడిండ్రు?"

"అవ్వ మీద కోపం జేస్తరని."

"మీ మీద జేస్తె మంచిదా?"

"నేను దూరమున్న. నాతోని మాట్లాడకుంటె అయిపాయె. అవ్వ ఎదురుంగ ఉంటది గద. దినాం ఆమె వెట్టిన బువ్వే తినాలె మీరు."

ప్రజ్ఞ అతని పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది. ఉజ్వల్ చెయ్యి ఆమె భుజం దాకా పోయి వెనక్కి వచ్చింది.

"ఇంకొక అబద్ధం గూడ ఉన్నది" అన్నాడు మెల్లగా. "పెద్దబండి లేదు, ఏం లేదు. మా కాలేజీ మూతవడ్డది. ఖాళీగ ఉన్న. మీ ముంగట నిలవడి ఒక మాట అడుగుదామంటె, ఏం జూపిచ్చి అడగాలె?"

"నాకు మాత్రం ఏమున్నది? నిన్నటిదాక జాబన్న ఉండె."

పత్తి లారీలు పోతుంటే దుమ్ము లేచి మీద పడుతోంది. రేపు పొద్దున లేచి ఎక్కడికి పోవాలో ఇద్దరికీ తెలియదు.

కొమురెల్లి ట్రాలీ వచ్చి ఆగింది. "సారూ, ఎక్కియ్యాల్నా బండి?"

ఉజ్వల్ లేచి హ్యాండిల్ పట్టుకున్నాడు. రెండో వైపు ప్రజ్ఞ పట్టుకుంది. వదల్లేదు.

"దూరమున్న అన్నవు గద" అంది, కళ్లు తుడుచుకోకుండానే. "దూరమున్నోడు అబద్ధమాడితె గింత ఏడుపొస్తదా నాకు?"

ఉజ్వల్ బండికి మళ్లీ స్టాండ్ వేశాడు. కొమురెల్లి ఇద్దరినీ కాసేపు చూసి, ఏమీ అడక్కుండా ట్రాలీ తిప్పుకుని వెళ్లిపోయాడు.