నీళ్ళ స్తంభం దగ్గర రెండు పిలుపులు

మా స్టేషనులో ఆ నీళ్ళ స్తంభం దగ్గరికి పొద్దుగూకినాక ఆడోళ్ళు పోరు.

కోవిల్‌పట్టికీ విరుదునగరుకీ నడుమ, తమిళనాట, పాసింజర్లు మాత్రమే నిలిచే చిన్న స్టేషను మాది. పాత ప్లాట్‌ఫారం కొసలో, బొగ్గింజన్ల కాలంలో ఇంజనుకు నీళ్ళు పట్టిన ఇనుప స్తంభం ఒకటి తుప్పుపట్టి ఉంది. అక్కడ రాత్రిపూట ఎవరో "అమ్మా" అని పిలుస్తారంట. రెండే సార్లు. మూడోది రాదు...

మా తెలుగోళ్ళ ఇళ్ళల్లో పిల్లలకు మాటలొచ్చేటప్పుడే నేర్పుతారు — చీకట్లో ఎవరు పిలిచినా మూడోసారికే పలకాల. దెయ్యం రెండుసార్లకు మించి పిలవలేదు. అదీ ఊరికే రాదు, మనకు కావలసినోళ్ళ గొంతే ఎత్తుకొస్తుంది. పలికినావా, నీ ఉసురు దాని వెంబడే! నవ్వేవాళ్ళు నవ్వుకోండి. నవ్వినోడెవడూ రాత్రిపూట ఆ స్తంభం దాకా పోయి రాలేదు.

ఇది యుద్ధం నాటి సంగతి. జపానువాడు బాంబులేస్తాడని స్టేషను దీపాలకు నల్లకాగితం చుట్టిన కాలం. పటాలం బండ్లు రాత్రిళ్ళే వచ్చేవి. ఇంజను నీళ్ళు పట్టుకునేంతసేపు మా వీధి ఆడోళ్ళు సిపాయిలకు కిటికీల్లోంచి చెంబులతో నీళ్ళు అందించేవాళ్ళు. వాళ్ళల్లో చిన్నతాయి ఒకతె. ఆమె కొడుకు సుడలై పటాలంలో చేరి ఏడాది.

ఒకనాటి రాత్రి, కడపటి పెట్టెలోంచి — "అమ్మా."

మొహం కనపడలేదు. కొడుకు గొంతు మాదిరే ఉంది. చిన్నతాయి నోరు మూసుకుంది. "అమ్మా..." రెండోసారి. ఆమె మూడోదానికి కాచుకుంది. బండి కదిలిపోయింది.

జ్వరంతో విరుదునగరులో దిగిపోయిన పక్కూరి సిపాయి రెండోనాడు వచ్చి అడిగినాడు: "ఏమ్మా, నీ కొడుకు పిలిస్తే పలకలేదంటనే? అది బర్మా పోయే బండి."

సుడలై తిరిగి రాలేదు. చిన్నతాయి చచ్చేదాకా ఆ స్తంభం కిందనే కూచుంది.

ఇప్పుడు సీనియమ్మాళ్ సంగతి. ఇది ఆమె కూతురు కార్తీశ్వరి నోట విన్నాను.

సీనియమ్మాళ్‌కు కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీలో పని. కొడుకు మారిసెల్వం చర్చి పిల్లని కట్టుకున్నాడని, గడప అవతలే నిలబెట్టి, "ఇంక నన్ను అమ్మా అని పిలవద్దురా" అనింది. వాడు తిరుప్పూరు పోయినాడు. మూడేండ్లు మాటల్లేవు. కోపం మూడు నెలల్లోనే కరిగిపోయింది పాపం. రోజూ రాత్రి వాడి కంచంలో ఇంత అన్నం పెట్టి మూసేది. నువ్వే ఫోను చెయ్యి అని కూతురంటే, "అనింది నేను గదా, ఏ మొహంతో చేసేది?" అనేది. కూడు లేకపోయినా పంతానికి తక్కువ లేదు మాకు.

పోయిన దీపావళికి వారం ముందు. రాత్రి పాసింజరు వచ్చే వేళకు వాన. కరెంటు లేదు. దిగినోళ్ళంతా గేటు వైపు పరిగెత్తినారు. మోకాళ్ళ నొప్పితో వెనకబడిన సీనియమ్మాళ్, అక్కడ బురదని పాత ప్లాట్‌ఫారం మీదుగా అడ్డదారి పట్టింది. స్తంభం దాటింది...

"అమ్మా."

నిలబడిపోయింది. వాడి గొంతే. తిరగలేదు.

"అమ్మా..."

వీపు వెనకనే. పలకాలని నాలుక కొస దాకా వచ్చిందంట. పలికి చస్తే, వాడు నిజంగా వచ్చిననాడు ఇంట్లో ఎవరుంటారు? పళ్ళు బిగించుకుంది. ఇంకొక్కసారి పిలువురా సామీ, అని లోలోపలే మొక్కుకుంటా నిలబడింది.

వాన చప్పుడు. మూడోది రాలేదు.

ఇంటికి పోయి కార్తీశ్వరి చెవిలో చెప్పింది: "దెయ్యం వాడి గొంతుతో వచ్చిందే. నేను పలకలేదు. వాడొచ్చేదాకా బతకాల గదా."

మూడు నెలలు తిరక్కుండానే గుండె ఆగి పోయింది.

పదహారోనాటి కర్మలో కార్తీశ్వరి ఇది చెప్తావుంటే, చుట్టూ కూచున్నోళ్ళు "అమ్మాడీ, ఆ పొద్దు తప్పించుకుందే!" అన్నారు.

ఆ మారిసెల్వం నేనే.

ఆ రాత్రి అదే బండి దిగినాను. ఆమె వెనకనే నడిచినాను. రెండుసార్లు పిలిచినాను. తిరగలేదు. అమ్మా అనొద్దని చెప్పింది గదా, ఇంకా ఆ మాట మీదనే ఉందనుకున్నాను. మూడోసారికే పలకాలని నాకు తెలీదా? నేర్పింది ఆమే. ఆ నిమిషాన గుర్తు రాలేదు. రోడ్డు దాకా నడిచి తిరుప్పూరు బస్సెక్కినాను.

ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఇప్పుడు ఇక్కడే ఉంటున్నాను. ఈ మధ్య మా వీధి ఆడోళ్ళు కొత్త మాట చెప్పుకుంటుండారు — స్తంభం దగ్గర ఇప్పుడు మూడుసార్లు వినిపిస్తుందంట.

అది దెయ్యం కాదు. రాత్రి బండి పోయినాక నేనే పోయి పిలుస్తాను. మూడోసారి పిలిచి, కాసేపు అక్కడే నిలబడతాను.