సగం దెబ్బ ముందు

"తాళం తప్పారు," అంది సంగీతం టీచర్ ఫోన్ వీడియోలోంచి. మొదటి క్లాసులో మొదటి మాట అదే.

నాకు రోషం వచ్చింది. నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి, చేరేటప్పుడే ఆ సంగతి చెప్పాను కూడా. "తప్పలేదండీ. మీ చెయ్యి చూసే పాడాను."

"చెయ్యి పడ్డాక సగం దెబ్బ ఆగి అందుకుంటున్నారు, గడియారంగారూ. మీ కొట్లోవన్నీ ఇలాగే నడుస్తాయా?"

"అవి నయం. వాటికి టీచర్ లేరు."

ఆమె నవ్వు కనబడకుండా పుస్తకం అడ్డం పెట్టుకుంది.

పొద్దున్నే కొట్టు తెరిచేముందు దేవుడి దగ్గర ఒక్క కీర్తనైనా పాడుకోవాలని నా కోరిక. అందుకే చేరాను. వారం తిరిగేసరికి కోరికలు రెండయ్యాయి. రెండోది దేవుడికి చెప్పాను గానీ టీచర్‌కి చెప్పలేదు.

ఆ వారమే అసలు సంగతి కనిపెట్టాను. ఆమె చెయ్యి నా ఫోన్‌కి చేరడానికి కొంత ఆలస్యం, నా గొంతు ఆమెకి చేరడానికి కొంత. రెండూ కలిపితే సగం దెబ్బ. ఫోన్‌లో పాఠాలు చెప్పడం ఆమెకూ కొత్త, ఆ సంగతి తెలియదు.

మర్నాటి నుంచి సగం దెబ్బ ముందు పాడసాగాను. నా చెవికి అంతా ఎగుడుదిగుడే. ఆమె ముఖం మాత్రం విప్పారింది.

"ఇరవైమందిలో మీకొక్కరికే తాళం ఉంది," అంది.

ఆ మాట కోసం ఆర్నెల్లు అలాగే పాడాను.

ఒకరోజు క్లాసు అయ్యాక ఆమె ఫోన్ ఆపలేదు. "మా నాన్నగారికి మీ గురించి చెప్పాను."

"స్టూడెంట్‌గానా?"

"మిగతావాళ్ళ గురించి చెప్పలేదుగా," అంది తలవంచుకుని. "ఆయన మృదంగం వాయిస్తారు. తాళం నిలవనివాడికి నన్నివ్వరట. ఆదివారం వచ్చి పాడండి."

వెళ్ళాను. గుమ్మంలో నన్ను చూసి, "ఇంత పొడుగా?" అంది.

"ఫోన్‌లో పట్టలేదండీ."

ఆమె ఎదురుగా కూర్చుని తాళం వేసింది. ఆర్నెల్ల అలవాటు ఊరికే పోతుందా? నా ప్రతి మాటా సగం దెబ్బ ముందే పడింది. మృదంగం ఆగిపోయింది.

"ఇదేనా అమ్మా గొప్ప తాళం?" అన్నారాయన. ఆమె ముఖం పాలిపోయింది.

ఇక దాచి లాభం లేదు. అంతా చెప్పేశాను.

ఆయన కూతురి వైపు తిరిగారు. "అయితే ఆ పంతొమ్మిదిమందినీ ఊరికే తిట్టావా?" మళ్ళీ నా వైపు చూసి, "మరి నీకెలా వినబడేదయ్యా?"

"తప్పుగానేనండీ."

"ఆర్నెల్లూనా?"

"ఆవిడకి సరిగ్గా వినబడితే చాలనిపించింది."

ఆయన మృదంగాన్ని ఒకసారి నిమిరారు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్యను చూసి, "నీకోసం నేనెప్పుడైనా ఇలా చేశానా?" అని అడిగారు.

"మీ చెవికి మీ మృదంగం తప్ప ఏం వినబడింది గనక," అందావిడ.

ఆయన నవ్వారు. "మళ్ళీ అందుకో బాబూ. ఈసారి నువ్వూ పాడమ్మా."

మేమిద్దరం ఒక్క గొంతుగా పాడటం అదే మొదటిసారి.

ఆ ఆర్నెల్ల కీర్తనల్ని దేవుడు ఎవరి ఫోన్ దగ్గర కూర్చుని విన్నాడో నాకిప్పటికీ అనుమానమే.

"రెండో కోరిక తీర్చాడుగా," అంటుంది మా ఆవిడ, "నా దగ్గరే విన్నాడు."